కారటమా, చెమర్చటమా?

కారటం, చెమర్చటం, వూరటం, జారటం, ఒలకటం, చిమ్మటం. నీళ్లో నూనో వున్న చోటు విడిచి బయటికి వచ్చే తీరుకు తెలుగువాడు ఇన్ని మాటలు పెట్టుకున్నాడు. కుండ చెమరుస్తుంది. చూరు కారుతుంది. చెలమ వూరుతుంది. నిండు బిందె ఒలుకుతుంది. ఇరవై ఏళ్లుగా క్లాసులో ఈ అర్థభేదాలు చెప్పుకుంటూ వస్తున్నాను. పిల్లలు రాసుకుంటారు, పరీక్ష కాగానే దులుపుకుంటారు. అయితే ఈ భేదం మీద ఎనిమిది వేల రూపాయలు ఆధారపడి వుంటాయని మాత్రం నాకు ఏ వ్యాకరణ పుస్తకమూ చెప్పలేదు. మా వీధి చివర మోటారు సైకిళ్లు బాగుచేసే బాబాయ్ చెప్పాడు.

మాది బందరు. మా మోటారు సైకిలుకు తొమ్మిదేళ్లు. మొన్న మార్గశిరంలో ఒక పొద్దున బండి వాకిట్లోకి దించి, నేను లోపల చొక్కా గుండీలు పెట్టుకుంటూ వుండగా మా ఆవిడ బయటినించి కేకేసింది.

"ఏమండీ, నేను పెట్టని చుక్కలు రెండు ముగ్గులో వున్నాయి. మీవేమో వచ్చి చూసుకోండి."

చుక్కలు నూనెవి. వంగి చూస్తే, ముందు చక్రానికి అటూ ఇటూ దిగే రెండు కాళ్లలో ఒకటి, బ్రేకు డిస్కు వున్న వైపుది, తడిసి మెరుస్తున్నది. వేలితో రాస్తే జిగట. వాసన చేప వాసనకు దగ్గర.

ఈ కాళ్ల జతను ఫోర్కు అంటారు. తెలుగులో పంగ అంటే సరిగ్గా అతుకుతుంది, పంగలకర్ర మనకు వుండనే వుంది గదా అని ఒకసారి బాబాయ్‌తో అన్నాను. "బాగుండదు మాస్టారూ, ఆడవాళ్లు కూడా వచ్చే షాపు" అన్నాడు. అంచేత ఫోర్కే.

దాని లోపలి సంగతి చెప్పకుండా మిగతాది చెప్పటం కుదరదు గనక కాస్త ఓపిక పట్టండి. పైనించి దిగేది క్రోమియం పూత పూసిన ఉక్కు పైపు. దాని కింది సగాన్ని మింగి నిలబడేది అల్యూమినియం గొట్టం, దీన్ని షాపుల్లో బాటమ్ అంటారు. లోపల పొడుగాటి స్ప్రింగు, కాసిని నూనె. చక్రం గుంటలో పడి లేస్తే బాటమ్ పైకి జరుగుతుంది, స్ప్రింగు నొక్కుకుంటుంది. వట్టి స్ప్రింగే అయితే నొక్కినంత జోరుగానూ తిరిగి తంతుంది, బండి కప్పగంతులు వేస్తుంది. ఆ తన్నును ఆపేది నూనె. సన్నటి రంధ్రాల్లోంచి దూరి పోవలసి రావటం చేత దానికి సమయం పడుతుంది, ఆ సమయమే మన నడుముకు దక్కే సుఖం. బ్యాంకుల్లో అద్దం తలుపు దభీమని పడకుండా తనంతట తాను మెల్లిగా మూసుకుంటుంది చూడండి, అదే కిటుకు. అమ్మకపు మోటారు సైకిలుకు ఇట్లా నూనెతో అదుపు చేసే గొట్టాల ఫోర్కు మొదట పెట్టింది జర్మనీ వాళ్లు, 1935లో, బీఎండబ్ల్యూ ఆర్ 12, ఆర్ 17 బళ్లకు. అంతకు మునుపు ఎక్కువ బళ్లకు వున్నవి ఇనప చట్రాలూ, బయటికి కనపడే స్ప్రింగులూను. మద్రాసు తిరువొత్తియూరులో బుల్లెట్టు తయారీ మొదలైనప్పుడు ఈ గొట్టాల ఫోర్కుతోనే మన రోడ్ల మీదికి వచ్చింది. సుఖం వచ్చింది, సుఖంతో పాటు కారటమూ వచ్చింది.

నూనెను లోపల ఆపేది బాటమ్ మూతి దగ్గర పైపును చుట్టుకుని వుండే రబ్బరు కట్టు, ఆయిలు సీలు. లోపల ఉక్కు రింగు, దాని చుట్టూ రబ్బరు. లోపలి అంచు పెదవిలాగా పలచగా వుంటుంది. పెదవి పైపును వదలకుండా వెనకాల దారమంత స్ప్రింగు చుట్టి వుంటుంది. బోరింగు పంపులో తోలు వాషరు చేసేది ఇంచుమించు ఈ పనే. వాషరు పోతే నీళ్లు పైకి రావు, సీలు పోతే నూనె పైకి వస్తుంది, అంతే తేడా. ఈ సీలు నెత్తిన మళ్లీ ఒక రబ్బరు టోపీ వుంటుంది, దుమ్ము ఆపటానికి. అది డస్టు సీలు.

కాసిని నూనె పోతే కొంపలేం మునుగుతాయి, పోసుకుంటే సరిపోతుంది గదా అనవచ్చు మీరు. మునిగేది ఎక్కడంటే, ఆ కారిన నూనె కాలు వెంబడి కిందికి దిగుతుంది. కాలికి సరిగ్గా అక్కడే బ్రేకు కాలిపర్ బిగించి వుంటుంది. అందులో డిస్కును పట్టుకునే ప్యాడ్లు రెండు. నూనె తాగిన ప్యాడు డిస్కును పట్టదు, నిమురుతుంది. బ్రేకు నొక్కినప్పుడు బరువంతా ముందుకు తూలుతుంది గనక, బండిని నిజంగా ఆపేది వెనక బ్రేకు కాదు, ముందుదే. మా కాలేజీలో ఫిజిక్సు చెప్పే మిత్రుడికి ఈ లెక్క నాకంటే బాగా తెలుసు. అయినా ఆయన బండి ఫోర్కు కారుతుంటే "పండగకు చూద్దాంలే" అన్నాడు. మా డెల్టాలో కోతలైన రోజుల్లో రోడ్డు సగం వడ్లకు వదిలెయ్యాలి. తారు మీద ధాన్యం ఆరబోసి, చుట్టూ రాళ్లూ తుమ్మకంపా కాపలా పెడతారు. ఎదురుగా లారీ, ఇటు పక్క వడ్లు. ఆయన బ్రేకు నొక్కాడు, అది నిమిరింది. కాలరు బోను విరిగి ఆరు వారాలు చెయ్యి మెడకు కట్టుకుని ఎడమ చేత్తో బోర్డు మీద రాశాడు. పిల్లలు ఆ రాత చదవలేక ఆ పాఠాన్నే వదిలేశారని విన్నాను.

ఆ కథ మా ఆవిడకు తెలుసు. "ఇది బాగయ్యేదాకా నేను వెనక కూర్చోను" అన్నది. అనటానికి హక్కు వుంది. ఆమె పెడన అవతల పల్లెలో టీచరు. రోజూ పొద్దున ఆమెను బళ్లో దించి, తిరిగి వచ్చి నేను కాలేజీకి పోతాను. బస్సుకు టిక్కెట్టు ఖర్చు లేదు, 2025 ఆగస్టు 15 నించి ఆడవాళ్లకు అది వుచితమే. అయితే ఆ బస్సు దింపే చోటినించి బడికి రెండు కిలోమీటర్లు నడక. తొమ్మిదింటికల్లా ఫోనుకు ముఖం చూపించి హాజరు వేసుకోవాలి. మొదటి రోజు తొమ్మిదీ పన్నెండుకు ముఖం చూపించింది. రెండో రోజు తొమ్మిదీ ఎనిమిది. ఇంటికి వచ్చి నాతో ఏమీ అనలేదు. ఏమీ అనకపోవటం ఎంత గట్టిగా వినపడుతుందో సంసారులకు చెప్పనక్కర్లేదు.

బండిని నడిపించుకుని మొదట పోయింది పెద్ద షోరూముకు. చల్లటి గది, సోఫా, మంచినీళ్ల సీసా. తెల్ల చొక్కా అబ్బాయి బండి దగ్గరికి వచ్చాడు గాని వంగలేదు. నించునే చూసి, లోపలికి పోయి కంప్యూటరు మీద రెండు మీటలు నొక్కి, "ఫోర్కు సెట్టు మొత్తం మార్చాలి సార్. ఎనిమిది వేల చిల్లర అవుతుంది. వచ్చే బుధవారం దాకా ఖాళీ లేదు" అన్నాడు. పైపు పాడైందా, సీలు పాడైందా అని అడిగాను. "సెట్టుగానే మారుస్తాం సార్" అన్నాడు. ఒళ్లు తెలియని జ్వరానికి ఒళ్లే మార్చాలన్న వైద్యం ఇది. నా వంతుకు నేను నమస్కారం పెట్టి బయటికి వచ్చాను.

బాబాయ్‌కి అరవై దాటాయి. షాపంటే రేకుల పందిరి, వేపచెట్టు నీడ, ఒక కుర్రవాడు. ఆయన గొంతుక్కూర్చుని, గుడ్డతో కాలు శుభ్రంగా తుడిచి, నన్ను బండెక్కి ముందు బ్రేకు పట్టుకుని హ్యాండిలును పదిసార్లు కిందికి నొక్కమన్నాడు. నొక్కాను. పైపు మీద నూనె గీత వలయంలాగా పడింది.

"ఆ పక్క చూడండి మాస్టారూ" అన్నాడు.

రెండో కాలి మీదా పలచని చెమ్మ వుంది. వేలికి అంటీ అంటనట్టు.

"అది చెమట. పైపు కదిలినప్పుడల్లా పెదవి దాని మీద ఆ మాత్రం తడి వదలాల్సిందే, లేకపోతే రబ్బరు వొరుసుకుని చస్తుంది. చెమటకు ఎవడూ వైద్యం చెయ్యక్కర్లేదు. ఇదుగో, ఇది కారుడు. గీత పడి, గీత చుక్కై, చుక్క జారిందంటే కారుడు."

నేను ఇరవై ఏళ్లుగా చెబుతున్నదాన్ని ఆయన మూడు వాక్యాల్లో చెప్పేశాడు. పైగా వుదాహరణ చేతికి అంటేట్టు.

కారుడని తేలాక తరువాతి ప్రశ్న, ఎందుకని. పైపును ఆసాంతం గోటితో గీకి చూశాడు. ఇదే అసలు పరీక్ష, దీనికి కంప్యూటరు అక్కర్లేదు. క్రోమియం లేచి తుప్పు గుంటలు పడితే గోరు తగులుకుంటుంది. ప్రతి గుంతా సీలు పెదవికి చిన్న రంపపు పన్ను. అట్లాంటి పైపు మీద బంగారు సీలు వేసినా నెల తిరక్కుండా కారుతుంది. అప్పుడు షోరూము అబ్బాయి చెప్పినట్టు పైపు మార్చాల్సిందే, లేదా మళ్లీ క్రోమియం పూత వేయించి నున్నగా సానపట్టించాల్సిందే. బందరులో ఇది నిజమైన భయం. సముద్రపు గాలి ఉప్పు గాలి, నెలల తరబడి బండిని ఆరుబయట వదిలేసిన వాళ్ల పైపులు చూస్తే మశూచి మచ్చల్లా వుంటాయి. మాది రోజూ తిరిగే బండి కాబట్టి, తిరిగే మేర పైపు నున్నగానే వుంది. ఒక్క చోట రాయి తగిలిన నొక్కు. మరీ సన్న రకం గరుకు కాయితాన్ని నూనెలో తడిపి, ఆ నొక్కు అంచును మాత్రం గోటికి తగలకుండా పోయేదాకా మెల్లిగా రుద్దాడు. పక్కన వున్న క్రోమియం జోలికి పోలేదు.

"ఎనిమిది వేలు జేబులో పెట్టుకోండి. ముందు దుమ్ము సంగతి చూద్దాం. ఇంట్లో పాత ఎక్స్‌రే వుందా?"

నాకు అర్థం కాలేదు. సీలు పెదవి కింద ఒక్క ఇసక రేణువు చిక్కుకున్నా చాలట, పెదవి ఆ మేరకు ఎత్తుకుని నూనెకు దారి ఇస్తుంది. సీలు బాగానే వుంటుంది, నింద మాత్రం మోస్తుంది. వెనకటి రోజుల్లో ఫొటో నెగెటివు ముక్కతో ఆ రేణువును లాగేవాళ్లట. ఇప్పుడు నెగెటివులు ఎక్కడివి? అంచేత ఎక్స్‌రే. మా ఇంట్లో మా అమ్మ మోకాళ్లది వుంది. ఆవిడను అడిగితే, "నా మోకాళ్లతో దాని మోకాళ్లు బాగు చేస్తారట్రా?" అని నవ్వి, బొమ్మ లేని అంచు కత్తిరించుకోమంది.

బాబాయ్ రెండు వేళ్ల వెడల్పు ముక్క కోసి, ఒక కొసన చిన్న కొక్కెంలాగా గాటు పెట్టాడు. డస్టు సీలును పైకి జరిపి, ముక్కను పైపుకూ పెదవికీ మధ్య మెల్లిగా దూర్చి, పైపు చుట్టూ ఒక చుట్టు తిప్పి లాగాడు. నల్లటి బురద, అందులో రెండు మెరిసే రేణువులు. తుడిచి మళ్లీ. నాలుగోసారికి ముక్క శుభ్రంగా వచ్చింది. ఇనప వస్తువు ఏదీ అక్కడ పెట్టగూడదని గట్టిగా చెప్పాడు, స్క్రూడ్రైవరు కొస తగిలితే పెదవి చిరుగుతుంది. ఖర్చు లేని ఈ వైద్యం చాలా బళ్లకు సరిపోతుందట. మా బండికి రెండు రోజులు సరిపోయింది. నేనొక్కణ్ణే మా వీధిలో నాలుగు చుట్లు తిప్పి చూశాను. మూడో రోజున గీత మళ్లీ పడింది. తొమ్మిదేళ్ల రబ్బరు, గట్టిపడి పోయింది. ఇక మార్చటమే.

మార్చటం చూడటానికి ఒక ఆదివారం పూటంతా స్టూలు వేసుకుని కూర్చున్నాను. రెండు కాళ్లకూ కొత్త సీళ్లు. రెండూ ఒక వయసువే, ఒకదాని వెనక రెండోది పోతుంది, మళ్లీ ఇదంతా విప్పటం ఎందుకని. జత ఖరీదు మూడు వందల లోపల.

బండి ముందు భాగాన్ని ఎత్తి కింద దిమ్మ పెట్టారు. చక్రం తీశారు. కాలిపర్‌ను గొట్టానికి వేలాడ వెయ్యకుండా తాడుతో హ్యాండిలుకు కట్టారు. ప్యాడ్ల మధ్య అట్ట ముక్క పెట్టారు, ఎందుకంటే డిస్కు లేనప్పుడు ఎవరైనా పొరపాటున బ్రేకు నొక్కితే ప్యాడ్లు రెండూ దగ్గరికొచ్చి మూసుకుపోతాయి. కుర్రవాడు మొదటే పైపును వూడదీయబోతే బాబాయ్ కసిరాడు. పైపు బండికి బిగించి వుండగానే నెత్తి మీది మూతను ఒక చుట్టు వదులు చెయ్యాలి, తరువాతే కింది బోల్టులు వదలాలి. వూడదీశాక ఆ మూత విప్పుదామంటే పట్టు దొరకదు. విప్పేటప్పుడు ముఖం పక్కకు పెట్టమన్నాడు. లోపల స్ప్రింగు నొక్కుకుని వుంటుంది, మూత ఎగిరి కన్ను తీసుకుపోయిన సంగతులు ఆయనకు తెలుసు.

లోపలినించి వచ్చిన నూనె బూడిద రంగు గంజిలాగా వుంది. కింద ఎలెన్‌కీతో తిప్పే బోల్టు ఒకటి, దానికో రాగి వాషరు. అదీ కొత్తది వెయ్యాలి, కొత్త సీలు వేసినా అడుగునించి కారే బళ్లకు కారణం తరచూ ఆ వాషరేనట. డస్టు సీలు తీసి, గాడిలో వున్న తీగ లాకు తీసి, పాత సీలును పెకిలించాడు, బాటమ్ అంచుకు గుడ్డ మడత అడ్డం పెట్టి.

నాకు బాగా నచ్చింది కొత్తది ఎక్కించే పద్ధతి. పైపు కొస పదునుగా వుంటుంది, దాని మీదుగా తోస్తే కొత్త పెదవి పుట్టగానే చిరుగుతుంది. అంచేత పైపు నెత్తికి పాల ప్యాకెట్టు తొడిగి, దాని మీద నూనె రాసి, సీలును దాని మీదుగా జార్చాడు. ప్యాకెట్టు తీసేశాడు. తరువాత పాత సీలును కొత్తదాని మీద బోర్లించి, కొలతకు సరిపోయే పీవీసీ గొట్టం ముక్కతో చుట్టూ సమానంగా తట్టాడు. చప్పుడు మారేదాకా తట్టాలట. మెత్తని చప్పుడు పోయి గట్టి చప్పుడు రాగానే ఆపి, పాతదాన్ని తీసేసి, లాకు వేసి, అది గాడిలో చుట్టూ కూర్చున్నదో లేదో వేలితో తడిమి చూశాడు.

నూనె కొలవటానికి మిల్లీలీటర్ల గుర్తులున్న పిల్లల పాలసీసా వాడాడు. బండితో వచ్చే పుస్తకంలో కాలికి ఎంతంటే అంత, రెండింటికీ చుక్క తేడా లేకుండా. కొందరు "కాస్త ఎక్కువ పోస్తే గట్టిగా వుంటుంది" అంటారు. పైన గాలికి చోటు తగ్గి, గుంటలో పడ్డప్పుడల్లా ఒత్తిడి సీలు మీదికి తంతుంది. ఎక్కువ పోయటమంటే కారుడుకు బయానా ఇవ్వటమే. ఇంజను నూనె పోసేవాళ్లూ వున్నారు. ఫోర్కుకు ఫోర్కు నూనె వుంది, పుస్తకంలో చెప్పిన చిక్కదనంలో దొరుకుతుంది కూడా, మరెందుకు?

ప్యాడ్ల దగ్గర మాత్రం ఆయనతో నాకు మాట వచ్చింది. కుర్రవాడు నూనె తాగిన ప్యాడ్లను పెట్రోలు పోసి కాల్చి, గరుకు కాయితం రుద్ది మళ్లీ వేద్దామన్నాడు, బాబాయ్ కూడా తల వూపబోయాడు. నేను వొప్పుకోలేదు. తాగిన నూనె పైకి కాలుతుంది గాని లోపల మిగులుతుంది, వేడెక్కినప్పుడు మళ్లీ బయటికి వస్తుంది. మొత్తం ఈ యాతన దేని కోసం పడ్డామో దాన్నే మళ్లీ బిగించినట్టు.

"బాబాయ్, వెనక కూర్చునేది మీ కోడలు" అన్నాను.

ఆయన ఒక క్షణం నా వంక చూసి, "కొత్తవి తేరా" అని కుర్రవాణ్ణి పంపాడు. డిస్కును బ్రేకులు శుభ్రం చేసే మందుతో రెండుసార్లు తుడిచారు.

చక్రం ఎక్కించాక ఇరుసును గట్టిగా బిగించే ముందు, బండిని దింపి ఫోర్కును నాలుగైదుసార్లు నొక్కించాడు, రెండు కాళ్లూ తమంతట తాము సర్దుకుని నిలబడటానికి. ఆ తరువాత బిగింపు. బ్రేకు పిడిని గట్టిపడేదాకా నొక్కి, వేపచెట్టు దాకా వెళ్లి ఆగి, మళ్లీ వెళ్లి ఆగి చూపించాడు. పాత నూనెను కాలవలో పొయ్యనివ్వలేదు. డబ్బాలో పోసి పెట్టుకున్నాడు, గేట్ల మడతబందులకు పనికొస్తుందని.

అన్నీ కలిపి, ప్యాడ్లతో సహా, పదిహేను వందలు దాటలేదు. కూలి ఎంతంటే రెండు వందలన్నాడు. ఒక పూట పనికి అది అన్యాయం. నేను నాలుగు వందలు ఇస్తే, వంద వెనక్కి ఇచ్చాడు.

సోమవారం మా ఆవిడ ఎనిమిదీ యాభైకి ఫోనుకు ముఖం చూపించింది. వారం తరువాత బాబాయ్ చెప్పిన ప్రకారం పైపు తుడిచి పదిసార్లు నొక్కి చూశాను. రెండు కాళ్లకూ ఒకే రకం పలచని చెమ్మ, గీత లేదు. ఇరుసు బోల్టు మరొక్కసారి బిగించాడు. పైపుల మీదికి రబ్బరు తొడుగులు వేస్తే ఇసకా వానా తగలకుండా సీళ్లు ఎక్కువ కాలం వుంటాయట, అయితే తొడుగు వదులైతే లోపలికి పోయిన ఇసక అక్కడే కాపురం పెడుతుంది, కొలత సరిగ్గా వుండాలి. మా బండి కొలతవి బందరులో లేవు. బెజవాడనించి తెప్పిస్తానన్నాడు, వచ్చే వారం రావాలి.